సగటు పెరిగింది

ఎల్ కహోన్, కాలిఫోర్నియా
సెప్టెంబరు

సెలీ,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్. చదవకముందు మాత్రం వద్దు.

మూడేళ్లయింది. నీకు రెండుసార్లు ఫోన్ చేసి, నీ గొంతు వినగానే పెట్టేసింది నేనే. తిహువానా ఇక్కడికి కూతవేటు దూరం. నా దగ్గర పాస్‌పోర్టు ఉంది. బస్సెక్కి దిగి సరిహద్దు గేటు దాటితే నీ ముందుంటాను. అయినా రాలేదు. ఎందుకు రాలేదో నాకే సరిగ్గా చెప్పుకోలేక, కాగితం తీసుకున్నాను. ఇంగ్లీషు రాని పిల్లల క్లాసులో టీచరు మనిద్దరి చేత ఒకరికొకరం ఉత్తరాలు రాయించేది కదా. "నా పేరు నహ్రీన్. నాకు చేప ఇష్టం" అని నేను. "నా పేరు అరాసెలి. నాకు నీ జడ ఇష్టం" అని నువ్వు. మనకు మాట్లాడుకోవడం కన్నా రాసుకోవడమే ముందు వచ్చింది.

శనివారం సంతలో పాతబట్టల మూట కట్టుకుంటున్న మీ చాయో అత్త కనపడింది. "ఓహో, ఇరాక్ మహారాణి! దారి తప్పారేమిటి?" అంది. ఉత్తరం రాసిస్తే పట్టుకెళ్తావా అని అడిగితే, "రవికలో దోపుకుని పోతాలే" అంది. తను వారంవారం గేటు దాటి వచ్చి పోతుంటుంది కాబట్టి, జవాబు కూడా తన చేతికే ఇవ్వు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఇక్కడ కుటుంబ సేవా మండలిలో పనిచేస్తున్నాను. మన ఊళ్లో మాలాంటి ఇరాకీ కుటుంబాలు, మీలాంటి హిస్పానిక్ కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాక ఎవరు ఎంతదాకా ఎదిగారు, చదువు, ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం పోల్చి నివేదిక రాయమన్నారు. దాన్నిబట్టి సాయంత్రం బడులకూ పిల్లల సంరక్షణకూ నిధులు ఇస్తారు. మా మండలి అధ్యక్షుడు బ్రాడ్లీకి ఇప్పటికే ఒక అభిప్రాయం ఉంది. "మీవాళ్లు కష్టపడి పైకొస్తారు. వాళ్లు అక్కడే ఉంటారు. ఎందుకంటావ్?" అని నన్నే అడిగాడు. నాకు నువ్వు గుర్తొచ్చావు.

అంకెల పక్కన రెండు కుటుంబాల కథ పెట్టాలనుకుంటున్నాను. ఒకటి మాది. ఇంకొకటి మీది. పేర్లు మార్చేస్తాను. ఒప్పుకుంటావా?

నహ్రీన్

—

తిహువానా
సెప్టెంబరు

ఒసేయ్ నహ్రీన్,

చింపలేదు. అత్త రవికలో చెమటకు తడిసి సగం దానంతటదే చిరిగింది.

ఫోన్ పెట్టేసింది నువ్వేనని నాకు తెలుసు. నీ ఊపిరి నాకు తెలియదా? అయినా ఇప్పుడు ఫోనంటే నాకే అసహ్యం. పొద్దున్నించి సాయంత్రం దాకా చెవులకు తగిలించుకుని, అమెరికా వాళ్ల సోఫాలు ఎందుకు ఆలస్యమయ్యాయో చెబుతుంటాను. అక్కడ నా పేరు సాలీ. మొన్న మీ ఎల్ కహోన్ నుంచే ఒకావిడ చేసి, నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, చివర్లో "నీ ఇంగ్లీషు చక్కగా ఉందమ్మా, ఇక్కడే పెరిగావా?" అంది. మీ వీధి చివరేనండీ అనబోయి నాలుక కరుచుకున్నాను.

కథ కావాలన్నావు. రాసుకో. మనిద్దరం ఒకే ఏడు వచ్చాం. మీరు మోసుల్ వదిలి, సిరియాలో తలదాచుకుని, విమానంలో దిగారు. చర్చివాళ్లు పూలు పట్టుకుని ఎదురొచ్చారు. మేము కొండదారిన నడిచొచ్చాం. మాకోసం ఒక పాత కారు లైట్లు ఆర్పేసి నిలబడింది. మీ ఇంటిమీద బాంబు పడింది కాబట్టి మీరు శరణార్థులు. మా ఊళ్లో మొక్కజొన్నకు ధర పడిపోయింది. ధర పడితే చప్పుడు రాదు కదా, అందుకని మేము దొంగలం. మీవాళ్లు పడ్డ బాధ తక్కువని అనడం లేదు. మీ అన్న ఫోటోకు మీ అమ్మ పూలు పెట్టడం నేను చూశాను. ఉన్నమాట చెబుతున్నాను, అంతే.

ఏడాది తిరిగాక మీకు గ్రీన్‌కార్డు. ఆ తర్వాత పౌరసత్వం. చిన్నతనంలో వచ్చినవాళ్లకు ఏదో వెసులుబాటు ఇచ్చారు కదా, కొన్ని నెలల తేడాతో అదీ నాకు తప్పిపోయింది. మీ నాన్న అక్కడ కాలువల ఇంజినీరు. వచ్చిన కొత్తలో మా నాన్న పక్కన మోకాళ్లమీద కూర్చుని టైల్స్ పరిచాడు. తర్వాత ఆయన పేరుమీద లైసెన్సు వచ్చింది, బ్యాంకు అప్పు వచ్చింది, వ్యాను వచ్చింది. మా నాన్న అదే వ్యానులో వెనక సీటు. ఇందులో మోసం లేదు. మీ నాన్న కూలి ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. మోసం ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు.

ఆఖరిది నీకు తెలిసిందే. నాన్నను పనికి దింపడానికి నేను కారు నడుపుతుంటే పోలీసులు ఆపారు. కాగితాలు లేవని ఇద్దరినీ ఇటు పంపేశారు.

నా గురించి రాసుకో. నాన్న గురించి రాసుకో. ఆయన "ఫిదెన్సియో అన్న నా పేరు మార్చకపోయినా ఫరవాలేదు, చక్కటి పేరు" అంటున్నాడు. అమ్మ గురించి మాత్రం ఒక్క ముక్క రాయొద్దు. అమ్మ ఇంకా అక్కడే ఉంది. యాదిరా బడి అయ్యేదాకా కదలనంది. యాదిరాకు ఏం భయం, అక్కడే పుట్టింది. అమ్మకు ఏ కాగితమూ లేదు. నీ నివేదికలో మా అమ్మ లేనట్టే. సరేనా?

అరాసెలి

—

ఎల్ కహోన్
నవంబరు

సెలీ,

నివేదిక అయిపోయింది. నిన్న మండలి సమావేశంలో చదివాను.

అంకెలు మొదట నన్నే భయపెట్టాయి. పట్టికలో మావాళ్ల గడిలో సొంత ఇళ్లు, దుకాణాలు. మీవాళ్ల గడిలో అద్దెలు, రోజుకూలీ. ఇక్కడితో ఆపితే బ్రాడ్లీ అన్నదే నిజమవుతుంది. అందుకే గడుల లోపలికి చూశాను. నలభై ఏళ్ల కిందట వచ్చిన మావాళ్ల దుకాణాలు ఉన్నాయి కాబట్టి, నిన్న వచ్చినవాడికి రేపు పని దొరుకుతోంది. అదే నిన్న వచ్చినవాళ్లను విడిగా తీసి చూస్తే అంత మెరుపు లేదు. మా బాబాయి బాగ్దాదులో పళ్ల డాక్టరు. ఇక్కడ గోదాములో పెట్టెలు సర్దుతున్నాడు. మా పిన్ని యుద్ధం భయం వదలక గుమ్మం దాటి ఎన్నాళ్లయిందో. మీవాళ్లలోనూ కాగితాలున్న ఇళ్లను విడిగా తీస్తే, పిల్లల చదువులో మాకు ఏమీ తీసిపోరు. తేడా ఒళ్లు వంచడంలో లేదు, కాగితంలో ఉంది. ఇదే రాశాను. కింద మన రెండిళ్ల కథ పెట్టాను.

ఇంట్లో చెబితే మా నాన్న మీసం తిప్పాడు.

"మనం కష్టపడ్డాం బిడ్డా, అందుకే."

"వాళ్లు కష్టపడలేదా నాన్నా? ఫిదెన్సియో బాబాయి నీకన్నా ముందు లేచేవాడు."

"లేవలేదన్నానా? ఏదంటే అది పట్టుకుంటావు. చాయ్ పొయ్."

సభలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. స్థానిక పత్రికవాళ్లు కాపీ అడిగి తీసుకెళ్లారు. బ్రాడ్లీ కూడా "బాగుంది, బాగుంది" అన్నాడు. చాలాకాలం తర్వాత నీకు పనికొచ్చే పని ఒకటి చేశాననిపించింది.

ఒక్క వాక్యం గురించి నీతో మాట్లాడాలి. ఇప్పుడు కాదులే. మళ్లీ రాస్తాను.

నహ్రీన్

—

తిహువానా
డిసెంబరు

నహ్రీన్,

నాన్నకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఇంజినీరు గారింకా చాయ్‌లో నాలుగు చెంచాల చక్కెర వేసుకుంటున్నాడా?" అని అడిగాడు. నివేదిక సంగతి విని తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఏ వాక్యం? రాయలేదేం?

ఇంకో పని చెప్తాను, చేసిపెట్టు. అమ్మ నాతో ఏదో దాస్తోంది. రెండు వారాలుగా ఆదివారం ఆవిరిమీద ఉడికించిన ఆ మొక్కజొన్న తమాలేలు అమ్మడానికి వెళ్లడం లేదట. నీకు తెలుసుగా, జ్వరమొచ్చినా ఆ గిన్నె దించని మనిషి. పనిచేసే ఇళ్లకూ వెళ్లడం లేదని యాదిరా నోరు జారింది. అడిగితే "చలి, కాళ్లు లాగుతున్నాయి" అంటోంది. మా అమ్మమ్మ కూడా ఇలాగే కాళ్లు లాగుతున్నాయని అంటూ అంటూ మంచం పట్టింది. నాకు నిద్ర పట్టడం లేదు.

మూడేళ్లుగా ఆ గుమ్మం తొక్కలేదు నువ్వు. ఏం అనుకోదులే. వెళ్లి చూసి రాయి. అబద్ధం మాత్రం రాయకు.

సెలి

—

ఎల్ కహోన్
డిసెంబరు

సెలీ,

వెళ్లాను. అబద్ధం రాయను.

కాళ్లకు ఏమీ కాలేదు. మంచం పట్టలేదు. ఆమె భయపడి ఇంట్లో దాక్కుంది. కారణం నేను.

నివేదికలో మీ అమ్మ గురించి రాశాను. నువ్వు వద్దన్నాక రాశాను. నువ్వూ ఫిదెన్సియో బాబాయీ వెళ్లిపోయారు అన్నదగ్గర కథ ఆపితే, వదిలేసి వెళ్లిన కుటుంబంలా కనపడుతోంది. అందుకని చివర ఒక్క వాక్యం పెట్టాను. "అలుపెరగని ఆ తల్లి మూడిళ్లలో పనిచేస్తూ, ఆదివారం ప్రార్థన తర్వాత చర్చి గుమ్మం ముందు తమాలేలు అమ్మి, చిన్న కూతురిని చదివిస్తోంది." పేరు లేదు కదా, ఎవరు పట్టుకుంటారని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ వాక్యం చదువుతుంటే గొంతు బాగా పలికింది. సభలో ఆవిడ కళ్లు తుడుచుకుంది ఆ వాక్యం దగ్గరే.

పత్రికవాళ్లు దాన్ని "ఒకే వీధి, రెండు కుటుంబాలు" అని ఆన్‌లైన్‌లో వేశారు. చర్చి గుమ్మం ముందు తమాలేలు అమ్మే మనిషి మన పేటలో ఒక్కతే. కింద వ్యాఖ్యల్లో ఎవరో చర్చి పేరు రాశారు. ఇంకెవరో "ఇలాంటివాళ్లను ఇంకా ఉంచారా?" అని రాశారు. తర్వాతి ఆదివారం ఒకడు ఆమె ముందు నిలబడి ఫోటో తీసుకుని, ఏమీ కొనకుండా వెళ్లాడట. అప్పటినుంచి ఇంటి ఎదురుగా ఒక బూడిదరంగు కారు ఆగుతోందంటోంది. అధికారులదో, పక్కింటి చుట్టాలదో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆమెను తినేస్తోంది.

తలుపు తట్టగానే తెర కొంచెం కదిలింది.

"నువ్వా? లోపలికి రా. గడియ పెట్టు."

కుర్చీ జరిపింది. పొయ్యిమీద ఏమీ లేదు. ఆ ఇంట్లో పొయ్యి ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"పిన్నీ, నేను..."

"నువ్వే రాశావటగా. యాదిరా చదివి వినిపించింది. బాగా రాశావు. అలుపెరగని తల్లి అన్నావట." నా ముఖంలోకి చూసింది. "నాకు అలుపు లేదని నీకెవరు చెప్పారే?"

లోపలి గదిలోంచి యాదిరా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఎంత పొడుగైందో!

"అక్కా, మార్కులు బాగా వేశారా నీకు?" అంది.

"ఏయ్, ఇంటికొచ్చినవాళ్లను అలా అంటారా?" అని మీ అమ్మ కసిరింది. నాకోసం కసిరింది సెలీ. ఆమె చెంప పగలగొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

పత్రికవాళ్లను తీసేయమని బతిమాలాను. కింద రాతలు తీశారు. పైది ఉంచారు. "మంచి కథ కదండీ" అన్నారు.

నీకు ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపి ఇది పంపుతున్నాను.

నహ్రీన్

—

తిహువానా

ఒక్క ముక్క వద్దన్నాను. ఒక్క ముక్కే రాశావు.

ఇక నాకు రాయకు.

—

ఎల్ కహోన్
జనవరి

సెలీ,

రాయొద్దన్నావు. ఇది నా కోసం కాదు. మీ అమ్మ నీ దగ్గరికి చేరేలోపు ఇక్కడ ఏం జరిగిందో ఆమె నీకు చెప్పదు. చెప్పినా నన్ను కాపాడుతూ చెబుతుంది. అందుకని రాస్తున్నాను. చదవకపోయినా సరే.

పండగలు అయ్యాక మీ అమ్మ నన్ను పిలిపించింది. వెళ్లేసరికి సామాను కట్టేసి ఉంది. రెండు సంచులు, తమాలేల గిన్నె.

"నేను మావాళ్ల దగ్గరికి పోతున్నా. గేటు దాకా దింపు."

"వద్దు పిన్నీ. వకీలును మాట్లాడాను. కొంచెం ఆగు."

"వకీలు ఏం చేస్తాడు? బేరం చేస్తాడు. చూడమ్మా, వాళ్లు వచ్చి తీసుకెళ్తే చెప్పులు కూడా సరిగా వేసుకోనివ్వరు. నా కాళ్లతో నేను పోతే నా చెప్పులు నేను వేసుకోవచ్చు."

దారంతా పక్క సీట్లో గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తాను తుడిచిన ఇళ్లు ఒక్కొక్కటి వస్తుంటే పేర్లు చెప్పింది. ఈ ఇంటావిడకు కుక్కంటే ప్రాణం, ఈ ఇంట్లో బాబు లెక్కల్లో మొద్దు, వీళ్ల స్నానాల గది మీ నాన్నా మా ఆయనా కలిసి వేసిందే. అలా చెబుతూనే ఉంది, ఊరు అయిపోయేదాకా. వెనక సీట్లో యాదిరా చెవులకు తగిలించుకున్నది తీయలేదు. అందులో పాట మాత్రం రావడం లేదు. అద్దంలో చూస్తుంటే ప్రతి మాటా వింటోంది.

అటునుంచి ఇటు రావడానికి ఎన్ని వరసలో, ఎన్ని కుక్కలో, ఎన్ని ప్రశ్నలో నీకు తెలుసు. ఇటునుంచి అటు పోవడానికి ఒక ఇనుప గేటు గిర్రున తిరుగుతుంది, అంతే. ఇన్నేళ్లు ఎవరికంటా పడకుండా బతికిన మనిషి, పోతుంటే ఎవరూ తలెత్తి చూడలేదు. గిన్నె గేటులో ఇరుక్కుంది. నేను పరిగెత్తుకెళ్లి పక్కకు వంచి తోశాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

"యాదిరా మీ ఇంట్లో ఉంటానంది. బడి అయ్యేదాకా తిండి పెట్టు. ఇది నీకు శిక్ష అనుకోకు, మాకు సాయమనీ అనుకోకు. ఊరికే పెట్టు."

కమ్మీల అవతల నువ్వు నిలబడి ఉన్నావు. ఎర్ర కోటు. జుట్టు కత్తిరించుకున్నావు. మీ అమ్మ నీ భుజంమీద వాలిపోవడం చూశాను. పాస్‌పోర్టు నా జేబులో ఉంది. పది అడుగులు వేస్తే చాలు. వెనక్కి తిరిగి కారు దగ్గరికి వచ్చేశాను.

ఇంటికి తీసుకొస్తే మా నాన్న యాదిరాను ఎగాదిగా చూశాడు.

"ఎవరీ పిల్ల?"

"ఫిదెన్సియో బాబాయి చిన్న కూతురు. ఇక్కడే ఉంటుంది."

"రేపు పోలీసులొస్తే?"

"ఆమె ఇక్కడే పుట్టింది నాన్నా. నీకన్నా నాకన్నా ముందు అమెరికన్."

"అయితే మనం ఉండొచ్చో లేదో ఆమెనే అడుగు" అని లేచి, తన గదిలో పరుపు దులిపి ఆమెకు ఇచ్చి, తాను సోఫాలో పడుకున్నాడు. మర్నాడు పొద్దున్న మా అమ్మ కాల్చిన సమూన్ రొట్టె, గేదె మీగడ పెడితే యాదిరా ముట్టలేదు. మూడో రోజుకు రొట్టె తింది. మీగడ ఇంకా ముట్టదు. నాతో మాట్లాడదు. మా అమ్మతో మాట్లాడుతుంది.

నహ్రీన్

—

తిహువానా
మార్చి

నహ్రీన్,

జవాబు ఇవ్వకూడదనే అనుకున్నాను. కానీ నాకు తెలిసినవాళ్లలో ఇది చెప్పుకోగలిగిన మనిషి నువ్వు ఒక్కదానివే. అదే నా ఖర్మ.

నిన్ను చూశాను. కమ్మీల పక్కన, నీలం చున్నీ. పారిపోవడం చూశాను. నీ వెంటబడి కొట్టాలనిపించింది. అమ్మ బరువు నామీద ఉండి కదలలేకపోయాను.

ఇప్పుడు విను. మూడేళ్లుగా గ్వాదలూపే దేవమాత పటం ముందు నేను ఒక్కటే మొక్కుకున్నాను. అమ్మ వచ్చెయ్యాలి. అక్కడ ఆమె బతుకు ఏమైనా సరే, నా పక్కన పడుకోవాలి. నాన్నకు చొక్కా గుండీలు కుట్టాలి. ఆమె అక్కడ కట్టుకున్నదంతా కూలిపోతే తప్ప ఇది తీరదని తెలిసే మొక్కుకున్నాను. తీరింది. నువ్వు తీర్చావు. గేటు దగ్గర ఆమెను పట్టుకున్నప్పుడు నా లోపల ఏదో గంతులేసింది. ఏడుస్తున్నది ఆమె. గంతులేసింది నేను. అందుకే నీమీద కోపం రెట్టింపైంది. నిన్ను తిడుతున్న ప్రతిసారీ సగం తిట్టు నాకే తగులుతోంది.

అమ్మ సంతోషంగా ఉందా? నాన్న పక్కన ఉంది, అంతే. తమాలేల గిన్నె పెట్టింది. ఇక్కడ ప్రతి మూలా తమాలేల వాళ్లే, అందరూ అమ్మకన్నా గట్టిగా అరుస్తారు. అక్కడ చర్చి గుమ్మంలో ఆమె అరవాల్సిన పనే లేదు, జనమే వచ్చేవారు. ఇక్కడ నోరు పెగలడం లేదు. మొన్న సాయంత్రం గిన్నె నిండుగా తిరిగొచ్చింది. నాన్న వరసపెట్టి ఆరు తిని, "అబ్బ, ఎల్ కహోన్ వాళ్లు ఇన్నాళ్లు ఇవన్నీ తినేశారా!" అన్నాడు. అమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ "యాదిరా తిందో లేదో" అంది.

యాదిరా వచ్చి వెళ్తోంది. మీ నాన్న తనకు లెక్కలు చెబుతున్నాడటగా. "ముసలాయన చెబితే అర్థం కాదు, కానీ పాపం చాలా కష్టపడతాడు" అంది.

నువ్వు వస్తానని రాయలేదు. నేను రమ్మనడం లేదు.

సెలి

—

ఎల్ కహోన్
జూన్

సెలీ,

కొత్త లెక్కలు వచ్చాయి. ఇది నీకు చెప్పాలి.

మన పేటలో హిస్పానిక్ కుటుంబాల సగటు ఆదాయం పెరిగింది. అద్దెలు కట్టలేనివాళ్ల సంఖ్య తగ్గింది. బడి మానేసిన పిల్లలూ తగ్గారు. బ్రాడ్లీ తెరమీద చూపిస్తుంటే సభలో చప్పట్లు కొట్టారు. "మన పథకాలు పనిచేస్తున్నాయి. ఇక ఈ నిధులు వేరేచోట వాడుకోవచ్చు" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వీధుల పేర్లు చూశాను. మీ వీధి. దాని వెనక వీధి. ఈ చలికాలం భయపడి ఖాళీ చేసినవాళ్లంతా ఆ వీధులవాళ్లే. అందరికన్నా తక్కువ సంపాదించేవాళ్లే. వాళ్లు పోయారు, సగటు పెరిగింది. ఎవరి కూలీ ఒక్క డాలరు పెరగలేదు సెలీ.

లేచి నిలబడ్డాను. "ఎవరూ బాగుపడలేదండీ. లేకుండా పోయారు. అందులో ఒకామెను గేటు దాకా దింపింది నేను. ఆమె పోవడానికి కారణం నేను రాసిన నివేదిక" అన్నాను. గొంతు ఈసారి ఏమీ బాగా పలకలేదు. ఎవరూ కళ్లు తుడుచుకోలేదు. బ్రాడ్లీ ఎంతో మర్యాదగా "మీ ఆవేదన అర్థమైంది. తర్వాతి అంశానికి వెళ్దాం" అన్నాడు. తర్వాతి అంశం పార్కింగు. సాయంత్రం బడి మూసేశారు.

ఉద్యోగం వదిలేశాను. దానితో ఏదో చెల్లుకట్టానని అనుకోకు. సోమవారానికల్లా మా నాన్న కంపెనీలో కుర్చీ వేశారు. మేము పడితే కింద పరుపు ఉంటుంది. మీకు నేలే ఉంటుంది. నా నివేదిక మొత్తంలో రాయాల్సింది ఈ ఒక్క ముక్క. మీ అమ్మ వాక్యం బదులు ఇది రాసి ఉంటే సరిపోయేది.

యాదిరా బడి ముగిసింది. పట్టా తీసుకునే రోజు ఒక్కొక్కరికీ నాలుగు కుర్చీలు ఇచ్చారు. మా అమ్మ, నాన్న, నేను కూర్చున్నాం. నాలుగోదాంట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు ఆ పిల్ల. తన కోటు వేసి ఉంచింది. తన పేరు పిలిచినప్పుడు మా నాన్న లేచి అరబీలో ఏదో కేక పెట్టాడు, హాలంతా తిరిగి చూసింది. మా ఇంటికొచ్చాక మొదటిసారి, హాలు బయట యాదిరా నాతో తనంతట తాను మాట్లాడింది.

"ఆదివారం అమ్మ దగ్గరికి పట్టా తీసుకెళ్తున్నా. నువ్వు కారులో గేటు దాకా దింపి వెనక్కి తిరిగిపోయే పనైతే రావద్దు. నేను బస్సులో పోతా."

"వస్తాను" అన్నాను. అనేశాక భయమేసింది. మా నాన్న కూడా వస్తానంటున్నాడు. ఫిదెన్సియో బాబాయికి ఏం పట్టుకెళ్లాలో తెలియక మూడు రోజుల నుంచి ఊరంతా తిరిగి, ఆఖరికి ఖర్జూరాల పెట్టె కొన్నాడు. "ఏం మాట్లాడాలి బిడ్డా వాడితో?" అని నన్ను అడుగుతున్నాడు. నాకేం తెలుసు? నేను నీతో ఏం మాట్లాడాలో నాకు తెలిస్తే కదా.

నువ్వు రావద్దంటే రాను. కానీ ఈసారి ఆ మాట నువ్వు అంటేనే ఆగుతాను. నా అంతట నేను ఆగను.

నహ్రీన్

—

తిహువానా
జూన్

నహ్రీన్,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "క్షమించానని రాయి దానికి, పిల్ల చిక్కిపోయి ఉంటుంది" అంది. రాస్తున్నాను. ఇది అమ్మ మాట.

నాన్న మాట: ఇంజినీరు గారు ఏమీ మాట్లాడక్కర్లేదు, వంటగదిలో సగం నేల టైల్స్ వేయకుండా పడి ఉంది, పాత ప్యాంటు వేసుకుని రమ్మను.

నా మాట నాకు ఇంకా దొరకలేదు. క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. క్షమించనని రాద్దామంటే చెయ్యి ముందుకు కదలడం లేదు. కమ్మీల ఇవతల నిలబడతాను. నిన్ను చూడగానే ఏం చేస్తానో నాకే తెలియదు. కొట్టినా కొడతాను. కొడితే నిలబడు. పారిపోకు.

ఆదివారం రా.

సెలి